పని పెరిగిన బోర్డు షాపు తన బోర్డు మీద ఏం రాసుకోవాలి

పోయిన వేసవిలో ఒక పెద్దాయన మా షాపు ముందు స్కూటీ ఆపి, తలెత్తి మా బోర్డును పైనుంచి కిందిదాకా చదివాడు. ఫ్లెక్స్ ప్రింటింగ్, వినైల్, సన్‌బోర్డు, ఏసీపీ, యాక్రిలిక్ లెటర్స్, ఎల్ఈడీ, రేడియం కటింగ్, మగ్గులు, టీషర్టులు, విజిటింగ్ కార్డులు, పెండ్లి పత్రికలు, రబ్బరు స్టాంపులు, ఇంకా ఏవేవో. మొత్తం 17 పనులు. అన్నీ చదివి లోపలికొచ్చి, "తమ్మీ, ఈడ దుకాణం బోర్డులు రాస్తరా?" అని అడిగాడు.

నేను బోర్డులు రాయబట్టి ముప్ఫై ఏళ్లు కావస్తోంది. 1996లో గురువు దగ్గర బ్రష్షులు కడగడంతో మొదలుపెట్టి, 2003లో నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు చిన్న మడిగె తీసుకున్నాను. ఊరందరి బోర్డులూ రాసిన నా షాపు ఏం చేస్తుందో నా బోర్డు చెప్పలేకపోతోంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు ఎక్కడుందో వెతికితే తేలిగ్గానే దొరికింది. కొత్త మెషిన్ వచ్చిన ప్రతిసారీ బోర్డు కింద ఒక ముక్క కలుపుతూ పోయాను. అది నా సామాను జాబితా అయింది కానీ, వచ్చే మనిషికి పనికొచ్చే మాట కాలేదు. నాలాగే చిన్నగా మొదలుపెట్టి పనులు పెంచుకున్న బోర్డు షాపుల వాళ్ల కోసం, నేను దాన్ని ఎలా సరిచేసుకున్నానో రాస్తున్నాను.

మొదట పెన్ను పట్టొద్దు, కంప్యూటర్ ముందు కూర్చోవద్దు. బిల్లు బుక్కులు తీయండి. నేను వెనక్కి 200 బిల్లులు చూశాను. ఒక నోటుబుక్కులో మధ్యకు గీత గీసి, ఒకవైపు మనిషి వచ్చి ఏమని అడిగాడో గుర్తున్నంత వరకు అతని మాటల్లోనే రాశాను. రెండో వైపు మనం ఇచ్చింది రాశాను. "కొత్తగా కిరాణం పెడుతున్నం, బోర్డు కావాలె" అన్నాయనకు ఏసీపీ (అల్యూమినియం పూత పలక) మీద యాక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) అక్షరాలు ఇచ్చాం. "ఆటోకు పిల్లల పేర్లు ఎక్కియ్యాలె" అంటే వినైల్ (స్టిక్కరు షీటు) కటింగ్. "గట్టు జాతరకు స్వాగతం పెట్టాలె" అంటే చెర్వుగట్టు దారిలో కట్టే ఫ్లెక్సీ. పేజీలు నిండాక చూస్తే, కాంట్రాక్టర్లు తప్ప ఒక్కరూ ఏసీపీ, వినైల్ అనే మాట అనలేదు. జనం వాళ్ల అవసరం పేరు చెప్తున్నారు, మనం మన సామాను పేరు రాస్తున్నాం. ఇంకో సంగతి కూడా బయటపడింది. 200 బిల్లుల్లో మగ్గులవి 6, టీషర్టులవి 3. మా బోర్డు మీద మాత్రం వాటికీ షాపు బోర్డులకూ ఒకే సైజు అక్షరాలు.

కాబట్టి పనుల్ని మెషిన్ల వారీగా కాకుండా సందర్భాల వారీగా కలపండి. మా దగ్గర అవి ఇలా వచ్చాయి: కొత్త షాపు తెరిచేవాళ్లు, పెండ్లో జాతరో ఉన్నవాళ్లు, బడులూ ఆఫీసులూ, బండ్లవాళ్లు. మీ ఊళ్లో వేరేలా రావచ్చు. మిర్యాలగూడలో అయితే రైసు మిల్లుల సంచుల మీద ముద్రలు, మిల్లు గేటు బోర్డులే ఒక వరుస అవుతాయి. మీ బిల్లు బుక్కు చెప్పిందే రాయండి, పక్క షాపు బోర్డు చూసి రాయొద్దు.

తర్వాతిది అన్నిటికంటే కష్టమైన పని. షాపు గురించి ఒక్క వాక్యం. నాకు దీనికి మూడు వారాలు పట్టింది. మొదట మా అబ్బాయి "సంపూర్ణ ప్రింటింగ్ అండ్ అడ్వర్టైజింగ్ సొల్యూషన్స్" అని తెచ్చాడు. దాని పైన మా పేరు తీసి ఇంకో షాపు పేరు పెట్టి చదవమన్నాను. ఏ మార్పూ లేదు, వాళ్లకూ సరిపోయింది. అంటే అది మన వాక్యం కాదు. మీరు రాసుకున్న ప్రతి వాక్యానికీ ఈ పరీక్ష పెట్టండి.

మరి మనది అని చెప్పగలిగేది ఏముంది? చాక్‌పీసుతో గీతలు గీసి, చేత్తో అక్షరం రాసిన రోజుల నుంచి మారనిది ఏదో అదే. మాకు అది తెలుగు అక్షరం. ఇప్పుడు చాలామంది డిజైన్ చేసేటప్పుడు డబ్బా నిండాలని అక్షరాన్ని అడ్డంగా సాగదీస్తారు. "వస్త్రాలయం" తీసుకోండి. స్త్రా కింద రెండు ఒత్తులున్నాయి, వాటికి చోటు కావాలి. సాగదీస్తే తలకట్లు పక్కకు జరిగి, ఒత్తులు బార్డరుకు అంటుకుని, పది అడుగుల దూరంలో అదొక నల్లటి ముద్దలా కనిపిస్తుంది. మా గురువు ఒత్తుకు జాగా వదిలాకే పై అక్షరం ఎత్తు నిర్ణయించేవాడు. నేను కంప్యూటర్లోనూ అదే చేస్తాను. ప్రింటుకు పోయే ముందు ప్రతి పేరూ ఒకరు బయటికి చదువుతుంటే ఇంకొకరు చూస్తారు. రాసింది దూరం నుంచి చదవగలగాలి, తప్పు ఉండకూడదు, గాలికి ఊడిపోకూడదు. ఈ మూడింటికీ నేను పూచీ పడతాను. అందుకే చివరికి మా వాక్యం ఇలా కుదిరింది: "మీ పేరు రోడ్డు అవతలి నుంచి కూడా చదివేలా, తప్పు లేకుండా రాసి బిగిస్తాం." ఇందులో ఫ్లెక్సీ ఉంది, లైటు అక్షరాలున్నాయి, ఆటో ఉంది. రేపు ఇంకేదైనా మెషిన్ వచ్చినా ఇందులో ఇముడుతుంది.

ఇక పేరు. మన వైపు పెయింటర్ల షాపులు చాలావాటికి చివర "ఆర్ట్స్" ఉంటుంది. ఫ్లెక్స్ మెషిన్ రాగానే దాన్ని తీసేసి "డిజిటల్స్" అనో "యాడ్స్" అనో మార్చాలని ఇంట్లో పిల్లలు అంటారు. నా మాట వింటే మార్చొద్దు. మనం రాసిన ప్రతి బోర్డు కింద, కుడి మూలన చిన్న అక్షరాలతో మన షాపు పేరు ఉంది. హాలియా నుంచి నకిరేకల్ దాకా అలాంటి గోడలు ఇంకా నిలిచి ఉన్నాయి, వాటిని చూసి ఇప్పటికీ మనుషులు వస్తున్నారు. పేరు మారిస్తే ఆ గోడలన్నీ మనవి కాకుండా పోతాయి. అయితే పేరులోనే ఒక సామాను ఇరుక్కుని ఉంటే మాత్రం ఆలోచించాలి. 2022 జులై 1 నుంచి 100 మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లు నిషేధం, ఫ్లెక్సీ కూడా పీవీసీదే. ఫ్లెక్స్ అన్న మాటనే షాపు పేరు చేసుకున్నవాళ్లకు ఇలాంటి నిబంధన వచ్చినప్పుడల్లా టెన్షనే.

పేరు ఉంచి, పేరు కింది వరుసను మార్చండి. ఇది నాకు తెలంగాణ వచ్చినప్పుడు అర్థమైంది. 2014 జూన్ తర్వాత నెలల తరబడి బోర్డుల మీద "ఆంధ్రప్రదేశ్" తుడిచి "తెలంగాణ" రాశాం. ఎంత ఇష్టంగా రాశామో చెప్పలేను. మళ్లీ 2016 అక్టోబర్ 11న సూర్యాపేట, యాదాద్రి వేరే జిల్లాలయ్యాయి, మళ్లీ కింది వరుసలు చెరిపాం. పైన పేరు అలాగే ఉంది, కింది వరుస రెండుసార్లు మారింది. అప్పటి నుంచి ఏ బోర్డు చేసినా కింది పట్టీని విడిగా, స్క్రూలతో ఊడదీసేలా బిగిస్తున్నాను. మన షాపుకూ అదే చేయాలి. పై పలక మీద పేరు, ఆ ఒక్క వాక్యం. కింది పట్టీ మీద సందర్భాలు. పని మారినప్పుడు పట్టీ ఒక్కటే మార్చితే చాలు.

ఆ పట్టీ మీదికి ఏవి ఎక్కాలన్నది జాగ్రత్తగా చూసుకోండి. 2019లో నేను ఒక బట్టల షాపుకు మొదటిసారి ఎల్ఈడీ అక్షరాలు చేశాను. చేసే ముందే మా బోర్డు మీద "ఎల్ఈడీ" అని రాసేసుకున్నాను. పవర్ సప్లయ్ డబ్బాకు సరిగ్గా సీలు లేదు, మొదటి గట్టి వానకే నీళ్లు పోయి, సాయంత్రానికి ఆ పేరులో సగం అక్షరాలు ఆరిపోయాయి. పండుగ ముందు రోజులు. ఆయన ఒక్క మాట అనలేదు, నాకే ముఖం చెల్లలేదు. నా ఖర్చుతో అంతా విప్పి మళ్లీ చేశాను. అప్పటి నుంచి మా నియమం ఒకటే: ఒక వానాకాలం దాటి నిలిచిన పనే బోర్డు మీదికి ఎక్కుతుంది. అప్పటిదాకా అడిగినవాళ్లకు నోటితో, "కొత్తగా మొదలుపెట్టాం" అని చెప్పి చేస్తాం.

బయట చేయించే పనుల సంగతీ దాచొద్దు. మా దగ్గర పెండ్లి పత్రికల డిజైన్, అక్షరదోషాలు చూడటం మావి, ముద్రణ హైదరాబాదులో. అలాగే చెప్తాం. దానివల్ల పోయిన గిరాకీ ఏమీ లేదు.

అక్షరాల కొలత ముందుగా లెక్కవేయండి. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అన్నది మన పనిలో అందరూ వాడే లెక్క. మా ముందు రోడ్డు అవతలి అంచు 60 అడుగులు, కాబట్టి పేరుకు కనీసం 6 అంగుళాలు. తెలుగులో ఆ ఎత్తు ఒత్తులు కలపకుండా, అసలు అక్షరానికే ఉండాలి. మా పాత బోర్డు మీద 17 పనులూ 2 అంగుళాల అక్షరాల్లో ఉండేవి. కింద జీఎస్టీ నంబరుకు చోటు వదలడం మరవొద్దు, షాపు ముందు పేరు బోర్డు మీద అది ఉండాలన్నది నిబంధన. జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే ఆ మాట కూడా బోర్డు మీద రాయాలి.

బోర్డు కుదిరాక అవే మాటలు గూగుల్‌లోని మన షాపు ప్రొఫైల్‌లో, వాట్సాప్ బిజినెస్‌లో పెట్టండి. గూగుల్‌లో పేరు దగ్గర బోర్డు మీద ఉన్న పేరే ఉండాలి. "బెస్ట్ ఫ్లెక్స్ ఇన్ నల్లగొండ" లాంటివి తగిలిస్తే గూగుల్ వాళ్లు మన ప్రొఫైల్‌నే ఆపేయవచ్చు. ప్రధాన కేటగిరీ ఒక్కటే, అది సైన్ షాప్ అని పెట్టుకోండి. మిగతా పనులకు ఇంకో తొమ్మిది దాకా కలుపుకోవచ్చు. వివరణకు 750 అక్షరాలు ఇస్తారు, మొదటి వాక్యం మీ బోర్డు వాక్యమే కావాలి. డీటీపీలో వాడే పాత అను ఫాంట్‌లో కొట్టింది కాపీ చేసి అతికిస్తే అర్థం కాని గుర్తులుగా పడుతుంది, ఫోన్లలో, ఇంటర్నెట్‌లో చదవగలిగే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయాల్సిందే. మన ఊరి పేరు కూడా బోర్డు మీద నల్లగొండ, బిల్లు మీద నల్గొండ అని ఉండనివ్వకండి. ఒకటి ఎంచుకుని అన్నిచోట్లా అదే రాయండి.

ఇంత చేశాక కూడా కౌంటర్ దగ్గర కుర్రాడు ఫోనెత్తి "అన్నీ చేస్తం అన్నా" అంటే మొదటికొస్తుంది. మావాళ్లకు మూడు ప్రశ్నలు నేర్పాను: ఎక్కడ పెడతారు, ఎంత దూరం నుంచి చూస్తారు, ఎన్నాళ్లు ఉండాలి. ఈ మూడు అడిగితే ఏ సామాను వాడాలో మనకు తెలుస్తుంది, మనం ఏం షాపో వాళ్లకు తెలుస్తుంది.

ఏటా ఉగాదికి వారం ముందు మళ్లీ బిల్లు బుక్కులు తీసి, కింది పట్టీతో సరిచూస్తాం. ఈసారి మగ్గులు పట్టీ మీదికి రాలేదు. స్కూలు బస్సుల మీద పేర్లు రాసే పని పెరిగింది, "బండ్ల మీద పేర్లు" అన్న మాట పట్టీలో మొదటికి జరిగింది.