చెక్ రిపబ్లిక్ ట్రిప్‌లో బీరు, తిండి, తిరుగుడు: ముందే చూసుకోవాల్సినవి

• ఖర్చంతా అక్కడి కరెన్సీ కొరునాల్లోనే. వీధిలో ఎవరైనా నోట్లు మారుస్తామంటే ఆగకండి. చెల్లని నోట్లు అంటగడతారు.

• మెనూలో బీరు పక్కన 10, 12 డిగ్రీలని ఉంటే అది ఆల్కహాల్ శాతం కాదు. 12 డిగ్రీల బీరులో ఉండేది దాదాపు 5 శాతం. పాతకాలపు పబ్బుల్లో గ్లాసు తెచ్చినప్పుడల్లా వెయిటర్ టేబుల్ మీది చీటీపై ఓ గీత గీసి పోతాడు. ఆ చీటీయే మీ లెక్క, పారేయకండి. పైన మందంగా నురగ ఉందని గొడవపడొద్దు, అక్కడ పోసే పద్ధతే అది. నన్నడిగితే రుచంతా ఆ నురగలోనే ఉంది.

• ఒక్క గ్లాసు తాగినా కారు ముట్టొద్దు. అక్కడ డ్రైవర్లకు ఆల్కహాల్ పరిమితి సున్నా.

• గూలాష్, స్విచ్‌కోవా అనే అక్కడి వంటకాలు మామూలుగా గొడ్డు మాంసంతోనే చేస్తారు. తినని వాళ్లు ఆర్డర్‌కు ముందే అడగాలి. శాకాహారులకు స్మజెనీ సీర్, అంటే వేయించిన చీజ్, చాలాచోట్ల దొరుకుతుంది. రోజూ అదే అంటే మాత్రం కష్టం!

• ప్రాగ్ ట్రామ్‌లో పేపర్ టికెట్ కొంటే సరిపోదు, ఎక్కగానే మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. లేకపోతే జరిమానా.

• ప్రాగ్‌లోని చార్లెస్ వంతెనకు రద్దీ లేని తెల్లవారుజామునే వెళ్లండి.

• ప్రాగ్‌లోనే ఉన్న 1410 నాటి ఖగోళ గడియారం గంట కొట్టేటప్పుడు అందరి చూపూ పైనే. జేబుదొంగలకు అదే అదను, పర్సు ముందు జేబులోకి మార్చుకోండి.