బోర్డు పెట్టని ఇంటిని ఎలా అడగాలి

అమ్మ పోయాక కూడా మా నాయన తిరుపతి కొర్లగుంటలో ఆ వీధి వదిలి రానన్నాడు. నేను కరకంబాడి రోడ్డులో అద్దెకుంటూ రోజూ రెండు పూటలా స్కూటీ మీద అన్నం తీసుకుపోయేదాన్ని. ఆయన వీధిలోనే ఇల్లు కొనుక్కుందామని 2021లో నిర్ణయించుకున్నాం. కానీ అక్కడ 'అమ్మబడును' అన్న బోర్డు ఒక్కటీ లేదు. బ్రోకర్లేమో ఎయిర్ బైపాస్ వైపు ఫ్లాట్లు చూపించారు. చివరికి ఇళ్ళవాళ్ళను నేనే అడిగాను. రెండేళ్ళకు ఇల్లు దొరికింది. మీకూ ఇలాంటి అవసరం ఉంటే, నేను నేర్చుకున్నది చెప్తాను.

ముందు వీధిని చూడండి. ఏ ఇంటి ముందు ముగ్గు పడడం లేదు, ఏ గేటు సందులో కరెంటు బిల్లులు అలాగే ఉన్నాయి, ఏ మిద్దె మీద తులసికోట ఎండిపోయింది అనేది వారం రోజులు నడిస్తే తెలుస్తుంది. మా వీధి ఇస్త్రీ బండి అన్న దగ్గర పది నిమిషాలు నిలబడితే ఎవరి పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారో చెప్పాడు. నేను అంతవరకే అడిగాను. ఎవరికి ఎంత అప్పుంది, ఎవరింట్లో గొడవలున్నాయి అని కూపీ లాగొద్దు. ఎదుటివాళ్ళ కష్టం పట్టుకుని ధర తగ్గించుకున్న ఇంట్లో నాకైతే నిద్ర పట్టదు. చావు జరిగిన ఇంటికి సంవత్సరీకం అయ్యేదాకా వెళ్ళకండి.

వెళ్ళే వేళ ముఖ్యం. శుక్రవారం ఇల్లు ఇవ్వమనే మాట ఎత్తితే ఎవరికీ నచ్చదు. దీపం పెట్టే వేళ కూడా వద్దు. ఆదివారం పదిన్నర ప్రాంతంలో, ఇంట్లో ఆడవాళ్ళతో కలిసి వెళ్ళండి. "ఇల్లు అమ్ముతారా?" అని మాత్రం అనకండి. నేను మొదటి ఇంట్లో అలాగే అడిగాను. "ఇల్లు అమ్ముకునే ఖర్మ మాకేం పట్టిందమ్మా" అని ఆ పెద్దాయన తలుపు వేసేశాడు. ఆయన బాధపడడంలో న్యాయం ఉంది. తర్వాత నుంచి ఇలా చెప్పేదాన్ని: "పెద్దమ్మా, నేను ఆ చివరింటి ఆయన కూతుర్ని. నాయనకు దగ్గరగా ఉండాలని చూస్తున్నాం. మీకు ఎప్పుడైనా ఇచ్చే ఆలోచన వస్తే ముందు మాకు ఒక మాట చెప్పండి." అంతే. ధర మాట ఆ రోజు అసలు రాకూడదు.

ఇదే విషయం చేత్తో రాసిన చీటీ ఇచ్చి రండి. మీరెవరు, ఈ వీధే ఎందుకు కావాలి, మధ్యలో బ్రోకర్ లేడు, తొందర లేదు, ఇష్టం లేకపోతే జవాబు ఇవ్వక్కర్లేదు, మా ఫోన్ నంబరు ఇదీ. ఎనిమిది లైన్లు చాలు. తాళం వేసిన ఇల్లైతే తాళంచెవి పక్కింట్లో ఉంటుంది. వాళ్ళను ఓనర్ నంబరు అడగొద్దు. మీ చీటీ ఫోటో తీసి ఓనర్‌కు పంపమనండి. నేను తొమ్మిది ఇళ్ళకు ఇచ్చాను. ఏడాదికి పైగా ఎవరూ పిలవలేదు. సంక్రాంతికి, ఉగాదికి ఎదురుపడితే పలకరించాను తప్ప ఇంటి సంగతి ఎత్తలేదు. ఒక రోజు మూడో ఇంటి పెద్దమ్మే ఫోన్ చేసింది. మోకాళ్ళ నొప్పితో మెట్లు ఎక్కలేక కొడుకు దగ్గరికి పోదామనుకుంటోంది. చీటీని దేవుడి గూట్లో పెట్టుకుందట.

ధర మాట్లాడేటప్పుడు కొలత ముందు తేల్చుకోండి. మా తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వాళ్ళకు 72. పెద్దమ్మ అల్లుడిది నెల్లూరు. అంకణం రేటు మీద ఇద్దరం గంటసేపు వేరే వేరే లెక్కలు చెప్పుకున్నాం. రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో కనిపించే మార్కెట్ విలువ స్టాంపు లెక్కకే, దాన్ని చూపించి బేరం చేయకండి. ధర తగ్గించడానికి వాస్తు బాగాలేదనడం చాలామంది చేసే పని. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన ఇంటిని అలా అనకూడదు. స్లాబు కారుతోందా, పైపులు మార్చాలా, మేస్త్రీని తీసుకెళ్ళి ఆ ఖర్చు మాత్రం చెప్పండి.

అసలు టెన్షన్ సంతకాల దగ్గర ఉంటుంది. ఈ పెద్దమ్మ కంటే ముందు ఇంకో వీధిలో ఒక ఇల్లు కుదిరింది. అన్నదమ్ములిద్దరూ సరే అన్నారని రెండు లక్షలు అడ్వాన్స్ ఇచ్చాం. వేలూరులో ఉన్న వాళ్ళ అక్క సంతకం పెట్టనంది. "పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం, ఇంక ఆమెకేం హక్కు" అన్నారు తమ్ముళ్ళు. హక్కు ఉంది. తండ్రి సంపాదించిన ఇల్లు, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా వస్తుంది. ఆయన తల్లి బతికుంటే ఆమెకూ వాటా. తాతల ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు అని 2005 సవరణ చెప్పింది. ఆ అక్కను ఎవరూ ఒక మాట అడగలేదు, ఆమె కోపం అదే. మా డబ్బు తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. అందుకని పెద్దమ్మ ఇంటికి అడ్వాన్స్ ఇవ్వకముందే ఆమె ఇద్దరు కూతుళ్ళతో నేనే మాట్లాడాను. ముగ్గురు పిల్లలూ, ఆమే కలిసి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాకే డబ్బు ఇచ్చాం.

కాగితాలు లాయరుకు చూపించండి. అసలు దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) తప్పనిసరి. ఈసీ కంప్యూటర్లో 1983 నుంచి వస్తుంది, అంతకు ముందుది ఆఫీసులో వెతికించాలి. మన ఊళ్ళో మఠం భూములు, దేవాదాయ భూములు చాలా ఉన్నాయి. ఎన్నేళ్ళు ఇంటి పన్ను కట్టినా స్థలం రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ఉండే నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ కాదు. సర్వే నంబరుతో ముందే కనుక్కోండి. నగదు 20 వేలు, అంతకు మించి తీసుకుంటే అంత మొత్తం జరిమానా అమ్మినవాళ్ళకే పడుతుంది, కాబట్టి అంతా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ధర 50 లక్షలు లేదా పైన అయితే మీరే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ళ ఆదాయపన్ను కింద ముందే పట్టుకునే మొత్తం) పట్టి కట్టాలి. అమ్మేవాళ్ళు విదేశంలో ఉంటే ఆ లెక్క వేరు, ఆడిటర్‌ని అడగండి.

ఇల్లు ఖాళీ చేసే తేదీ అగ్రిమెంట్లోనే రాయించండి, కాస్త ఎక్కువ గడువు ఇవ్వండి. పెద్దమ్మ రెండు నెలలు అడిగితే మూడు రాశాం. ఆషాఢంలో కదలనంది, శ్రావణంలో వెళ్ళింది. పెరట్లో కరివేపాకు చెట్టు కొట్టొద్దని మాత్రం అడిగింది. గంగజాతరకు ఊరొచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగుతుంది. వెళ్ళేటప్పుడు రెండు రెబ్బలు కోసుకుని సంచిలో వేసుకుంటుంది.