గళ్ల బొంతకు ఏ కుట్టు నడపాలి?

ముక్కలన్నీ అతికి పై పొర సిద్ధమైంది. కిందికి చీర తీసిపెట్టారు, మధ్యలోకి ఏం వేయాలో కూడా అనుకున్నారు. మూడు పొరలనూ కలిపి పట్టే కుట్టు ఏ దారిన నడవాలన్నదే మిగిలింది. చాలామంది ఇక్కడే ఫోన్ తీసి బొమ్మలు చూస్తారు. నచ్చిన డిజైన్ పట్టుకుని కుట్టేస్తారు. బొమ్మలో బొంత లోపల ఏముందో కనబడదు కదా! కుట్టు ఎంత దగ్గరగా పడాలో ముందు లోపలి పొరను అడగాలి.

పాత నూలు చీరలు మడతలు వేసి పెడితే అన్నిటికంటే తేలిక. గుడ్డ గుడ్డను పట్టుకుంటుంది కాబట్టి వరసకూ వరసకూ మధ్య 3, 4 అంగుళాలున్నా నిలుస్తుంది. అయితే చీర బాగా నలిగి పలచబడి ఉంటే అంగుళానికో వరస వేసే పాత పద్ధతే సరైనది. అక్కడ బలం గుడ్డది కాదు, దారానిది. ఏకిన దూది పరిస్తే 2 అంగుళాలు దాటనివ్వకండి. దాటితే మొదటి ఉతుకుకే దూది మూలలకు చేరి ఉండలు కడుతుంది. పాలిస్టర్ ఫైబర్ షీటుకు 4 అంగుళాలు హద్దు పెట్టుకోండి. అలాగని దానిమీద అంగుళానికో వరస కొడితే మెత్తదనం పోయి అట్టలా తయారవుతుంది.

ఇప్పుడు గడి కొలత చూడండి. ఐదున్నర అంగుళాల ముక్క కోసి, చుట్టూ పావు అంగుళం అతుకులోకి పోనిస్తే, 5 అంగుళాల గడి కనబడుతుంది. లెక్కకు తీసుకోవాల్సింది కనబడే ఈ 5 అంగుళాలనే. అతుకుల వెంట కుడితే వరసల మధ్య దూరం 5 అంగుళాలు. మూల నుంచి మూలకు ఏటవాలుగా కుడితే గడి కొలతలో పదింట ఏడు వంతులు, అంటే మూడున్నర. 4 అంగుళాల గడికి 2.8, 6 అంగుళాల గడికి 4.2, 8 అంగుళాల గడికి 5.7 వస్తాయి. ఫైబర్ షీటు వేసిన 5 అంగుళాల గళ్ల బొంతకు అతుకుల వెంట కుట్టు ఒక్కటీ చాలదని ఇక్కడే తేలిపోతుంది. ఏటవాలు కుట్టైతే సరిపోతుంది.

దారం లెక్క కూడా ముందే వేసుకోవచ్చు. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవున్న బొంతలో 5 అంగుళాల గళ్లు అడ్డం 12, నిలువు 18, మొత్తం 216 పడతాయి. అతుకుల వెంట కుట్టు మొత్తం 51 మీటర్లు. రెండు వైపులా ఏటవాలు వరసలకు 78 మీటర్లు. ప్రతి గడి లోపల పావు అంగుళం వదిలి చుట్టూ కుడితే 99 మీటర్లు. అంగుళానికో నిలువు వరస వేస్తే 135 మీటర్ల దాకా పోతుంది. ఇవి కుట్టు పొడవులు మాత్రమే. మిషను మీదైతే పైదారం, బాబిన్ దారం కలిపి దాదాపు మూడింతలు పెట్టుకోండి.

అతుకు గాడిలో కుట్టు

రెండు ముక్కలు కలిసిన గాడిలోనే కుట్టు నడపడాన్ని కొత్తవాళ్లు సులువనుకుంటారు. గీతలు గీసే పని లేదు, దారం కూడా తక్కువే. కానీ అన్నిటిలోకీ చెయ్యి తిరగాల్సిన కుట్టు ఇదే. సూది వెంట్రుక వాసి పక్కకు జరిగినా గాడిలోంచి గుడ్డ మీదికి ఎక్కి కనబడుతుంది. పైగా అతుకు వెనక మడత ఒక వైపుకు ఇస్త్రీ చేసి ఉంటుంది కాబట్టి ఆ వైపు ఎత్తు, ఈ వైపు పల్లం. సూదిని ఎప్పుడూ పల్లం వైపు నడపాలి. మడతలు ఒక అతుకులో ఎడమకు, ఇంకో అతుకులో కుడికి పడి ఉంటే గడి గడికీ వైపు మార్చుకోవాల్సి వస్తుంది. ఈ కుట్టు వేయాలనుకుంటే ముక్కలు అతికేటప్పుడే ఆ సంగతి గుర్తుండాలి. మొదటి వరస అతుకులన్నీ కుడికి, రెండో వరసవి ఎడమకు ఇస్త్రీ చేస్తే మూలలు ఒకదానిలో ఒకటి ఇమిడి కూర్చుంటాయి, కానీ సూది వైపు మాత్రం వరస వరసకూ మార్చుకోక తప్పదు.

ఏటవాలు కుట్టు, దానిలో ఒక చిన్న మార్పు

మొదటి బొంత కుట్టేవారికి మా సలహా ఏటవాలు గీతలే. కుట్టు అతుకును కోసుకుంటూ పోతుంది కనుక కాస్త వంకర పోయినా ఎవరి కంటా పడదు. దీనికో చిక్కుంది. నాలుగు గళ్లు కలిసే మూలలో అతుకు మడతలు గుట్టపడతాయి, అక్కడ సూది ఆగుతుంది, విరుగుతుంది కూడా. మూలలు సరిగ్గా కలవకుండా దారమంత తేడా ఉన్నా, మూల మీదుగా పోయే గీత ఆ తేడాను వేలెత్తి చూపిస్తుంది.

అందుకే గీతను మూల నుంచి కాకుండా గడి పక్క మధ్యలోంచి గీయండి. 5 అంగుళాల గడికైతే మూల నుంచి రెండున్నర అంగుళాల దగ్గర గుర్తు. ఒక పక్క మధ్య నుంచి ఆనుకున్న పక్క మధ్యకు గీత పోతుంది. రెండు వైపులా కుట్టాక ప్రతి గడిలో ఒక వజ్రం ఆకారం నిలుస్తుంది. వరసల దూరం అదే మూడున్నర, దారం అదే 78 మీటర్లు. గుట్టపడ్డ మూలకు సూది వెళ్లదు, కలవని మూల కుట్టుకు దొరకదు.

గీతలు గీయడానికి ముదురు రంగు మీద అరిగిపోయిన సబ్బుముక్క, లేత రంగు మీద దర్జీ సుద్ద చాలు. పెన్ను ముట్టుకోకండి. పొడుగు గీతకు స్కేలు జరుపుతూ పోతే వంకర వస్తుంది. దారాన్ని మెత్తటి సుద్దపొడిలో అద్ది, రెండు చివర్లా ఇద్దరు బిగించి పట్టి, మధ్యలో పైకెత్తి వదిలితే గీత ఒక్కసారిగా పడుతుంది. ముగ్గుపిండి వాడాలంటే జల్లించుకోండి, గరుకుగా ఉంటుంది.

పొరలు జరగకుండా ముందుగా వేసి తరవాత తీసేసే కచ్చాకుట్టును తప్పించుకుందామని చూడకండి. షాబాద్ బండల నేల ఉంటే బండల సందులే తిన్నని గీతలు, గుడ్డ అంచును వాటికి ఆనించి పరచండి. కింది గుడ్డ నాలుగు వైపులా 3 అంగుళాలు పెద్దదిగా ఉండాలి. నడిమి నుంచి బయటికి, 4 అంగుళాలకో వరస, 2 అంగుళాల పొడుగు టాకాలు వేయండి. ఏటవాలు గీతలో గుడ్డ సాగుతుంది, పాత చీర ముక్కలైతే మరీను. టాకాలు నిలువుగా, అడ్డంగా ఉంటే ఆ సాగుడు ఆగుతుంది.

కుట్టేటప్పుడు నడిమి గీతతో మొదలుపెట్టి బయటికి పోవాలి. మిషను మీద వరసలన్నీ ఒకే అంచు నుంచి మొదలవ్వాలి. ఒకటి ఇటు నుంచి, పక్కది అటు నుంచి కుడితే మధ్యలో గుడ్డ మెలిపడుతుంది. మామూలు మిషను పళ్లు కింది గుడ్డనే లాగుతాయి. పైన పాదం నొక్కి ఉండటంతో పై పొర వెనకబడి, ముడతై పేరుకుంటుంది. పాదం మీది స్క్రూ వదులు చేసి ఒత్తిడి తగ్గించండి, పై పొరను కూడా లాగే పాదం, వాకింగ్ ఫుట్, దొరికితే ఇంకా మంచిది. 16 నంబరు సూది, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి 8 కుట్లు. చేత్తోనైతే చీర మడతలున్న బొంతకు అంగుళానికి 4, 5 చాలు. దారం మూరెడే ఎక్కించండి. బారెడు ఎక్కిస్తే పని తొందరగా అవుతుందనుకుంటారు గానీ, సగం దూరం పోకముందే నలిగి ముడిపడుతుంది.

వంపు కావాలంటే

గళ్లన్నీ గీతలే కదా, కొంచెం వంపు ఉంటే బాగుండుననిపిస్తే అన్నం తినే ప్లేటు తెచ్చుకోండి. పదిన్నర అంగుళాల వెడల్పున్న ప్లేటు అంచును గడి రెండు మూలలకు ఆనించి గీస్తే, అతుకు నుంచి అర అంగుళం పైచిలుకు లోపలికి వంగిన గీత వస్తుంది. నాలుగు పక్కలా గీస్తే అతుకు మీద ఆకులు, గడి మధ్యలో నక్షత్రం లాంటి ఆకారం కనబడతాయి. దారం 114 మీటర్లకు చేరుతుంది. చేతికుట్టుకే ఇది బాగా కుదురుతుంది. ఈ వంపులు కూడా మూలల్లోనే కలుస్తాయి కాబట్టి అతుకులు పలచగా ఉన్న బొంతకే పెట్టుకోండి. ఫైబర్ షీటు ఉంటే గడి నడుమ 3 అంగుళాల పైచిలుకు ఖాళీయే మిగులుతుంది గనుక ఇబ్బంది లేదు. దూదికైతే చాలదు.

ఏ గుడ్డకు ఏది

కుట్టు కనబడేది ఒకే రంగు గుడ్డ మీదే. పోచంపల్లి ఇక్కత్ ముక్కల్లో రంగుల చిక్కదనానికి ఏ డిజైనూ పైకి తేలదు. అక్కడ వంపులకు పడిన కష్టం వృథా, తిన్నని గీతలతో సరిపెట్టండి. నారాయణపేట గళ్ల చీరను కింది పొరగా వేస్తే బొంతను తిరగేసి ఆ గళ్ల వెంటే కుట్టవచ్చు, గీతలు గీసే పని తప్పుతుంది. పై గళ్లతో అవి కలవవు గనుక, చిన్న చిన్న ముక్కలు కలగాపులగంగా అతికిన బొంతకే ఇది నప్పుతుంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు, జరీ. ఉతికితే రెండూ ఒకేలా ముడుచుకోవు. ఆ అంచు ముక్క పెట్టక తప్పదంటే జరీ మీదుగా సూది పోకుండా చుట్టూ పావు అంగుళం వదిలి కుట్టండి. లంబాడీ అద్దాల పని ముక్కకూ ఇదే పద్ధతి.

ఏ కుట్టు ఎంచుకున్నా బొంతంతా ఒకే ఒత్తుగా ఉండాలి. నడుమ ఒత్తుగా కుట్టి అంచుల్లో వదిలేస్తే నడుమ ముడుచుకుని అంచులు అలల్లా లేస్తాయి. చివర్న అంచు చుట్టూ మడిచి కుట్టే గోటు ఎంత బిగించి వేసినా ఆ అలలు పోవు. అంచుల్లోకి కూడా అవే వరసలు పోనివ్వాలి.

నిర్ణయానికి వచ్చాక, మిగిలిన ముక్కలతో నాలుగు గళ్లు అతికి, అదే లోపలి పొర, అదే దారంతో కుట్టి, ఒకసారి ఉతికి ఆరేయండి. కుట్టక ముందు కొలత, ఆరిన తరవాత కొలత రాసుకోండి. 10 అంగుళాలకు అర అంగుళం తగ్గితే 90 అంగుళాల బొంత నాలుగున్నర అంగుళాలు పొట్టిదవుతుంది. అప్పుడు గోటు వేయకముందే కింద ఒక వరస గళ్లు కలపండి.