కొండపల్లి బొమ్మను ఆన్‌లైన్‌లో అమ్మించాలంటే

దివ్యాంగ కళాకారుడికి సాయపడుతున్నారా? వాట్సాప్ బిజినెస్, యూపీఐ రెండూ ఆయన నంబరు మీదే తెరవండి. డబ్బు మీ ఖాతాలో పడితే రేపు లెక్కల దగ్గర మాట వస్తుంది.

వినికిడి లేనివారైతే ప్రొఫైల్‌లో "ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టండి" అని రాయండి. చూపు లేనివారికి ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సదుపాయం) ఆన్ చేసి, క్యాటలాగ్‌లో ప్రతి బొమ్మకూ పేరు, కోడ్ ఇవ్వండి. ఉత్త ఫొటో పెడితే దేనికి ఆర్డరొచ్చిందో ఆయనకు తెలియదు.

ఫొటోకు కిటికీ వెలుగు, తెల్ల అట్ట చాలు. ఒకదాంట్లో పక్కన స్కేలు పెట్టండి.

అసలు తంటా ప్యాకింగ్‌ది. ఈ బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర తేలిక, మెత్తన. చేతులు, తలలు విడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు; విరిగేది ఆ అతుకు దగ్గరే. ముందు అతుకులకు మెత్తటి కాగితం, తర్వాత బబుల్ షీట్ రెండు చుట్లు. రంగు పూర్తిగా ఆరకుండా చుడితే గుండ్రటి మచ్చలు పడతాయి. పెట్టెలో అన్ని వైపులా రెండంగుళాలు వదిలి కాగితం కుక్కండి. ఊపితే కదలకూడదు.

చాలా కొరియర్లు పెట్టె సైజునూ తూకంగా లెక్కిస్తాయి: సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తాయి. 30×20×20 పెట్టె అంటే 2.4 కిలోలు, లోపల బొమ్మ అర కిలోయే అయినా! ధర చెప్పే ముందే ఈ కొరియర్ ఖర్చు కలపండి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారులు 2023 అక్టోబర్ నుంచి సొంత రాష్ట్రంలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి మార్కెట్‌ప్లేస్‌ల ద్వారా అమ్ముకోవచ్చు. పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి.