ఎండాకాలం వచ్చిందని టైర్లో గాలి తగ్గించకండి

మార్చి దాటగానే హైదరాబాద్‌లో ఒక మాట మొదలవుతుంది: "ఎండలు కదా, గాలి రెండు పాయింట్లు తక్కువ కొట్టించు, లేకపోతే టైరు పేలుతుంది." మన మంచి కోరే చెబుతారు. కానీ అది నమ్మి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ప్రమాదాన్ని కొనితెచ్చుకున్నట్టే.

ఎండలో టైరు పేలడం వెనక చాలాసార్లు ఉండేది తక్కువ గాలే. ఇనప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి చూడండి, వంగిన చోట చేతికి వేడి తగులుతుంది. గాలి తక్కువున్న టైరు పక్క గోడలు కూడా చక్రం తిరిగిన ప్రతిసారీ అలాగే నలుగుతాయి. ఔటర్ మీద 120 వరకు వెళ్లొచ్చు. ఆ వేగంలో, 42 డిగ్రీల ఎండలో, ఇంటిల్లిపాదీ సామాన్లతో కూర్చుంటే ఆ వేడి ఎక్కడికి పోతుంది? లోపలి పొరలు ఊడి టైరు పేలుతుంది.

రెండేళ్ల క్రితం మే నెలలో విజయవాడ నుంచి వస్తూ చౌటుప్పల్ దగ్గర ఒక బంకులో ఆగాను. మా కారు టైర్లకు కంపెనీ చెప్పిన గాలి 33 పాయింట్లు (పీఎస్ఐ). అక్కడ గాలి కొలిచే గేజ్ 37 చూపించింది. "అన్నా, ఎక్కువుంది, 31 పెడతా" అన్నాడు కుర్రాడు. సరేనన్నాను. మర్నాడు పొద్దున ఇంటి దగ్గర చూస్తే నాలుగు టైర్లలోనూ 27! నడిచి వేడెక్కిన టైర్లో మూడు నాలుగు పాయింట్లు పెరగడం మామూలే. దాన్ని చూసి గాలి తీయించడం తప్పు. టైర్ల కంపెనీలు ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే తయారుచేస్తాయి.

అందుకే గాలి చూసుకోవాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు. కనీసం మూడు గంటలు ఆగి ఉన్న బండైతేనే లెక్క సరిగ్గా వస్తుంది. బంకు ఇంటికి దూరమైతే సొంత గేజ్ ఒకటి, కారు సాకెట్‌కు పెట్టే చిన్న పంపు ఒకటి కొనుక్కోండి. బంకు గేజ్‌లన్నీ ఒకే లెక్క చూపించవు కూడా.

ఎంత పెట్టాలో డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోల్ మూత లోపల ఉంటుంది. చాలా స్టిక్కర్ల మీద రెండు లెక్కలుంటాయి: మామూలు రోజులకు ఒకటి, నిండా మనుషులూ సామాన్లూ ఉన్నప్పుడు ఒకటి. ఊరెళ్లేటప్పుడు రెండోది చూడాలి. టైరు మీద 44 అనో 51 అనో రాసి ఉండేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. అంత కొట్టించారంటే టైరు మధ్య భాగం మాత్రమే రోడ్డుకు ఆనుతుంది, బ్రేకు సరిగా పట్టదు, గుంటలో పడితే టైరు దెబ్బతింటుంది.

నైట్రోజన్ పెట్టిస్తే పెట్టించండి, కానీ మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఏది కొట్టించినా నెలకోసారి చూసుకోక తప్పదు.

గాలి కొట్టించాక వాల్వ్ మీద తడి వేలు పెట్టి చూడండి. బుడగ లేస్తే పిన్ను లీకవుతున్నట్టే. మూత తప్పకుండా బిగించండి. స్టెప్నీని మాత్రం మరిచిపోకండి, దాన్ని పంక్చర్ అయ్యాకే గుర్తు చేసుకుంటాం.

ఒకవేళ దారిలో టైరు పేలితే బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీది నుంచి కాలు మెల్లగా తీసేసి, వేగం తగ్గనిచ్చి ఎడమ పక్కకు తీసుకెళ్లండి. పిల్లల్ని రోడ్డు వైపు డోర్ల నుంచి దిగనివ్వకండి.