లెమన్, లైమ్ సరుకు కస్టమ్స్‌లో ఆగితే: గొడవ ఎన్నో అంకె దగ్గర?

లెమన్ లేదా లైమ్ కన్‌సైన్‌మెంట్ కోడ్ పేచీతో ఆగిపోతే చాలామంది ముందు టారిఫ్ పుస్తకం తిరగేస్తారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: తేడా కోడ్‌లో ఎన్నో అంకె దగ్గర వచ్చింది? మొదటి ఆరు అంకెలు ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఖరారు చేసినవి, హార్మొనైజ్డ్ సిస్టమ్ (సరుకులకు అంకెల కోడ్‌లిచ్చే అంతర్జాతీయ పద్ధతి) పాటించే దేశాలన్నిటికీ ఒకటే. ఆ తర్వాతి అంకెలు ఎవరి దేశానివి వారివి. తాజా లెమన్‌కైనా లైమ్‌కైనా ఆరంకెల కోడ్ 0805.50 ఒక్కటే. కాబట్టి ఆ ఆరింటిలోనే తేడా కనిపిస్తే సాధారణంగా సరుకు రూపం తప్పు రాసి ఉంటారు. ఆరు దాటాక అయితే జాతి దగ్గర పేచీ. రెండిటికీ ఒకే మందు పనిచేయదు.

ఎగుమతిదారు ఇచ్చిన కోడ్‌ను దిగుమతి దేశం సిస్టమ్ తీసుకోవడం లేదు

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే. అవతలివాళ్ల ఎనిమిది అంకెలను ఇక్కడ యథాతథంగా కొట్టారు. భారత టారిఫ్‌లో రెండు పండ్లూ కలిపి 0805 50 00. యూరోపియన్ యూనియన్‌లో లెమన్ 0805 50 10, లైమ్ 0805 50 90. అమెరికాలో మూడు ముక్కలు: లెమన్ 0805.50.20, తాహితీ లేదా పర్షియన్ లైమ్ అనే సిట్రస్ లాటిఫోలియా 0805.50.30, చిన్న లైమ్ అయిన సిట్రస్ ఆరాంటిఫోలియా 0805.50.40. ఇన్‌వాయిస్‌లో ఆరంకెలే వేసి, పక్కన శాస్త్రీయ నామం రాయడం మంచిది. మిగతా అంకెలు దిగుమతి వైపు బ్రోకర్ చూసుకుంటాడు.

0805.30 అని కనిపిస్తే అది పాత టెంప్లేట్. హార్మొనైజ్డ్ సిస్టమ్ 2002 ఎడిషన్‌లో లాటిఫోలియాను కూడా చేర్చి ఆ కోడ్‌ను 0805.50గా మార్చారు. ఇన్నేళ్లయినా కొన్ని ఎక్సెల్ షీట్లలో అది బతికే ఉంది!

ఇన్‌వాయిస్‌లో లైమ్, ఫైటోలో లెమన్

ఎక్కువ సరుకు ఆగేది ఇక్కడే. ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో, అంటే సరుకుకు తెగుళ్లు లేవని ఇచ్చే ధ్రువపత్రంలో (క్లుప్తంగా ఫైటో), మొక్క శాస్త్రీయ నామానికి ఒక గడి ఉంటుంది. ఇన్‌వాయిస్ అమ్మకాల విభాగం చేతిది, ఫైటో మొక్కల ఆరోగ్య శాఖది. రెండూ ఒకదాన్ని ఒకటి చూసుకోకుండానే తయారవుతాయి. ఒకదాంట్లో లైమ్ అని, ఇంకోదాంట్లో సిట్రస్ లిమోన్ అని ఉంటే అధికారి రెండింటినీ నమ్మడు.

తేడా నిజమైనదా, అక్షరదోషమా అన్నది ముందు చూడండి. ఆరాంటిఫోలియా ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో టారిఫ్ ఒక ‘ఐ’ రాస్తుంది, వృక్షశాస్త్రవేత్తలు రెండు రాస్తారు. అది ఒకటే జాతి, ఒక వివరణ లేఖతో తేలిపోవాలి. జాతే వేరైతే లేఖలు చాలవు. ఫైటో మీద చేత్తో దిద్దుబాట్లు చెల్లవు, జారీ చేసిన శాఖ నుంచే మార్చిన సర్టిఫికెట్ తెప్పించాలి. దానికి రోజులు పడుతుంది, పండు ఆగదు. అందుకే కంటైనర్ కదలక ముందే ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, ఫైటో మూడింటినీ ఒకే టేబుల్ మీద పెట్టి పేరు గడి ఒక్కటైనా చూడాలి.

బాక్సు తెరిచి చూస్తే ఏ పండని తేలుతుంది? రంగును నమ్మకండి. లెమన్‌ను పచ్చగా ఉన్నప్పుడే కోస్తారు, లైమ్‌ను చెట్టు మీద వదిలేస్తే పసుపెక్కుతుంది. కొస చూడండి: లెమన్‌కు మొనలా పొడుచుకొచ్చిన కొస ఉంటుంది, తొక్క మందం. తర్వాత అడ్డంగా కోయండి. లాటిఫోలియాలో గింజలు దాదాపు ఉండవు. ఆరాంటిఫోలియా పండు చిన్నది, తొక్క పల్చన, లోపల గింజలు నిండుగా ఉంటాయి. కోసిన ముక్క ఫోటో ఫైల్లో పెట్టుకుంటే క్వెరీ వచ్చినప్పుడు సగం వాదన అదే చేస్తుంది.

డ్యూటీ లెక్కే మారిపోయింది

జాతి మారితే రేటు మాత్రమే కాదు, లెక్కకట్టే పద్ధతే మారవచ్చు. అమెరికా సాధారణ రేట్లు చూడండి: లెమన్‌కు కిలోకు 2.2 సెంట్లు, ఆరాంటిఫోలియాకు కిలోకు 1.8 సెంట్లు, లాటిఫోలియాకు మాత్రం విలువపై 0.8 శాతం. అంటే ఒకచోట నికర బరువు మీద, ఇంకోచోట విలువ మీద. ఒప్పంద రాయితీలు, అదనపు సుంకాలు వీటికి వేరుగా ఉంటాయి, ఆ రోజు టారిఫ్ చూడక తప్పదు. యూరప్‌లో లెమన్‌కు ఎంట్రీ ప్రైస్ పద్ధతి (దిగుమతి ధర నిర్ణీత స్థాయి కంటే తగ్గితే అదనపు సుంకం) వర్తిస్తుంది, లైమ్‌కు వర్తించదు. బిల్లు అనూహ్యంగా వస్తే ముందు జాతి గడి, ఆ తర్వాత నికర బరువు సరిచూడండి.

తాజా పండును ఫ్రోజెన్ కింద వేశారు

రీఫర్ (శీతలీకరణ ఉన్న) కంటైనర్ అనగానే ఎవరో ఫ్రోజెన్ అని టిక్ పెట్టేసి ఉంటారు. చల్లబరిచిన పండు టారిఫ్ దృష్టిలో తాజా పండే, అది 8వ అధ్యాయం నోట్‌లోనే ఉంది. గడ్డకట్టించినదైతేనే 0811. ఉష్ణోగ్రత లాగర్ రికార్డు జతచేసి కోడ్ సవరణ అడగండి. ముక్కలు కోసినంత మాత్రాన కూడా తాజా పండు 0805 దాటిపోదు.

రసం కోడ్‌ను ల్యాబ్ రిపోర్ట్ తిప్పికొట్టింది

ఒక్క లెమన్ లేదా లైమ్ రసం మాత్రమే అయితే, బ్రిక్స్ (రసంలో కరిగిన చక్కెర వంటి పదార్థాల కొలత) 20 వరకు 2009.31, దాటితే 2009.39. చిక్కు ఎక్కడంటే, వ్యాపారంలో లెమన్ కాన్‌సెంట్రేట్‌ను ఆమ్లం లెక్కన, లీటరుకు 400 లేదా 500 గ్రాములని అమ్ముతారు. బ్రిక్స్ రాసినా ఆమ్లానికి సవరించిన అంకె రాస్తారు. టారిఫ్‌కు కావాల్సింది 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర పరికరం నేరుగా చూపించే రీడింగ్. సర్టిఫికెట్‌లో రెండు అంకెలూ వేయించి, ఏది ఏదో రాయించండి. సహజంగా ఉండేదానికి మించి నీళ్లు కలిపి పానీయంగా మారిస్తే 2009 కాదు, 2202 వైపు వెళ్తుంది.

మిగతా రూపాలకు పెద్ద కథ లేదు. ఎండు పండు 0805లోనే, తొక్క 0814, పండును పొడి చేస్తే 1106.30. నూనె దగ్గర మాత్రం జాగ్రత్త: లెమన్ నూనె 3301.13, లైమ్ నూనెకు ఒకప్పుడు ఉన్న 3301.14ను 2007లో తీసేశారు, ఇప్పుడు అది 3301.19.

పండు ఏ పేరులోనూ ఇమడట్లేదు

0805.50 పేర్లతో సహా చెప్పేది లిమోన్, లిమోనమ్, ఆరాంటిఫోలియా, లాటిఫోలియా. సిట్రన్ అంటే సిట్రస్ మెడికా లెమన్‌లా కనిపించినా 0805.90లోకి వస్తుంది. కొత్త హైబ్రిడ్ రకాలైతే మార్కెట్ పేరులో లెమన్ ఉందని 0805.50 వేసేయకండి. దిగుమతి దేశంలో అడ్వాన్స్ రూలింగ్, అంటే కోడ్ ఏదో కస్టమ్స్ ముందుగానే రాసిచ్చే నిర్ణయం అడగండి. 2017లో అమల్లోకి వచ్చిన డబ్ల్యూటీవో వాణిజ్య సులభతర ఒప్పందం ప్రకారం సభ్యదేశాలు ఈ సదుపాయం ఇవ్వాలి. దరఖాస్తుకు శాస్త్రీయ నామం, మాతృ జాతుల వివరం, కోసిన పండు ఫోటో జతచేయండి. రూలింగ్ చేతికొచ్చాక దాని నంబర్‌ను ప్రతి ఎంట్రీలో రాయించండి. అది ఆ ఒక్క దేశంలోనే చెల్లుతుంది, పక్క దేశానికి మళ్లీ అడగాల్సిందే.