చలికాలానికి ఇల్లూ సరుకులూ: మంచు తగలకుండా గుమ్మడి వడియాలు పెట్టడం ఎలా?

గోదావరి డెల్టాలో చలికి వణికిపోయేవాళ్ళు తక్కువ. మన ఇబ్బందంతా మంచుతోనే. దీపాలు పెట్టే వేళ నుంచి మర్నాడు ఎనిమిదింటిదాకా కాలవగట్ల మీద, కొబ్బరితోటల్లో దిగే ఆ మంచు గూట్లో పప్పుకీ జాడీలో ఉప్పుకీ దండెం మీద దుప్పటికీ చెమ్మ పట్టిస్తుంది. అందుకే ఇక్కడ చలికాలపు ఏర్పాట్లంటే సగానికి పైగా ఎండబెట్టడమే. ఎండకి డబ్బు పెట్టక్కర్లేదు, వేళ తెలిస్తే చాలు.

కార్తీకం వెళ్ళేదాకా ఏదీ మొదలుపెట్టకండి. అక్టోబరు, నవంబరు మనకి తుఫాన్ల నెలలు. కోనసీమని కూకటివేళ్ళతో పెకలించిన 1996 తుఫాను తీరం దాటింది నవంబరు 6న. దీపావళికని ఆరబెట్టి సర్దినదంతా ఒక్క వాయుగుండానికి మళ్ళీ చెమ్మెక్కుతుంది. డిసెంబరు మూడో వారంలో, ధనుర్మాసం మొదలయ్యాక పనిలోకి దిగండి.

ఇంటి పని ఒక్క పూటది. బొంతలు, రగ్గులు రెండు రోజులు తిరగేసి ఎండబెట్టండి. దోమతెర చిరుగులు కుట్టుకోండి. కాగు కింద మంటకి కొబ్బరి డొక్కలూ ఎండు కమ్మలూ చూరు కిందకి చేర్చండి. పెరట్లో వదిలేస్తే మంచుకి నాని, పొగ తప్ప మంట రాదు. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందకి దిగితే పేరుకుంటుంది కాబట్టి వెడల్పు మూతి సీసాలో పోసుకోండి.

సరుకుల విషయంలో పొదుపంటే ఏది కొనకూడదో తెలియడం. చింతపండు, ఎండుమిర్చి, మినుములు సంక్రాంతి ముందు ఎక్కువగా కొనకండి. చేలో వరి కోతల వేళ చల్లే మినుము ఫిబ్రవరి, మార్చిల్లో చేతికొస్తుంది. కొత్త చింతపండూ అప్పుడే. రెండు నెలలకి సరిపడా చాలు. బియ్యం మాత్రం తిరకాసు. సార్వా పంట, అంటే వానాకాలపు వరి, ఇప్పుడే ఇంటికొస్తుంది, ధర కాస్త దిగుతుంది. కానీ కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, స్వర్ణ రకమైనా ఇంకోటయినా అంతే. ఉగాది దాటేదాకా పాత బియ్యం చేతిలో ఉంచుకుని, కొత్తవి ఎండు వేపాకు వేసి పక్కన పెట్టండి. కొత్త బియ్యంతో అరిసెలు బాగుంటాయి, కాబట్టి ఓ ఐదు కిలోలు విడిగా తీసుకోండి. కందిపప్పు, పెసరపప్పు ఒక పూట ఎండలో పోసి, వేడి చల్లారాక స్టీలు డబ్బాలకి ఎత్తండి. ఉప్పు రాళ్ళుప్పే, జాడీలోనే.

ఇక గుమ్మడి వడియాలు. కూర లేని పూట పులుసులోకీ పప్పుచారులోకీ ఏడాదంతా ఆదుకునేవి ఇవే. ఎక్కువమంది పాడుచేసేవీ ఇవే.

కావలసినవి: ఒళ్ళంతా బూడిద పట్టి బాగా ముదిరిన బూడిదగుమ్మడికాయ నాలుగు కిలోలది, పొట్టు మినపప్పు ముప్పావు కిలో, పచ్చిమిర్చి 150 గ్రాములు, రాళ్ళుప్పు 100 గ్రాములు, పసుపు, ఇంగువ, జీలకర్ర. చాయ మినపప్పు వద్దు. కాస్త పొట్టు పిండిలో ఉంటేనే వడియం గుల్లగా వేగుతుంది. ఉల్లిపాయ వేసేవాళ్ళున్నారు. అవి నెలలోపు తినేసే వడియాలు, నిలవకి పనికిరావు.

సాయంత్రం ఆరింటికి కాయ కడిగి, బూడిద తుడిచి, తొక్కతోనే చిటికెనవేలి గోరంత ముక్కలు కొట్టండి. మధ్య మెత్తని గుజ్జు తీసేయండి, గింజలేరేస్తే మజ్జిగపులుసుకి పనికొస్తుంది. ముక్కల్లో ఉప్పు, పసుపు కలిపి పాత పంచెలో మూటకట్టి, ఏటవాలుగా పెట్టిన పీట మీద ఉంచి, పైన పొత్రమో బరువైన రాయో ఎత్తండి. రాత్రంతా, అంటే పదీ పన్నెండు గంటలు అలాగే ఉండాలి. చేత్తో పిండితే సరిపోతుందనుకోవద్దు. చేత్తో పిండిన ముక్క పైన నలుగుతుందే గానీ లోపలి నీరు వదలదు. ఆ నీరు మర్నాడు పిండిలోకి దిగుతుంది.

వడియాల కష్టాలన్నీ ఆ నీటితోనే. పిండి జారుగా ఉంటే వడియం అప్పచ్చిలా పరుచుకుంటుంది. పైన పొర కట్టి లోపల పచ్చిగా మిగులుతుంది. డబ్బాలో పోసిన పది రోజులకి బూజు. చాలామంది ఎండ చాల్లేదని ఎండని తిడతారు. తప్పు రోట్లో జరిగి ఉంటుంది.

పప్పు రాత్రి పదింటికి నానబోయండి. ఈ కాలంలో దొరికేది నిరుటి పప్పు కాబట్టి తెల్లవారుజాము ఐదుదాకా నాననివ్వాలి. కడిగి ముప్పాతిక పొట్టు తీసేసి (అది గేదెల కుడితిలోకి), చిల్లుల గిన్నెలో అరగంట నీళ్ళు ఓడనివ్వండి. రోట్లో గానీ గ్రైండర్లో గానీ నీళ్ళు పోయకుండా రుబ్బండి. పొత్రం తిరగనంటే తడిచెయ్యి అద్దండి, అంతే. మిక్సీ వద్దు. మిక్సీ జార్ తిరగడానికి నీళ్ళడుగుతుంది, పైగా పిండిని వేడెక్కిస్తుంది. మిర్చి, జీలకర్ర, ఇంగువ చివర్లో వేసి ఇంకో పది తిప్పులు. ఉప్పు వేయొద్దు, ముక్కల్లో ఉన్నది చాలు. కలిపాక రుచి చూసి చాలకపోతే అప్పుడు చూసుకోవచ్చు. ఉప్పెక్కువైన వడియం ఎండాక ఇంకా ఉప్పనవుతుంది, దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

పిండి కుదిరిందా అని చూడటానికి గోలీ అంత ముద్ద గ్లాసు నీళ్ళలో వేయండి. తేలాలి. మునిగితే ఇంకా రుబ్బాలి. పిడికిట్లో పట్టి చెయ్యి బోర్లిస్తే ఊడిపడకూడదు.

ముక్కలన్నీ ఒకేసారి పిండిలో పోసేయకండి. ఉప్పు ముట్టిన ముక్క పిండిలో కలిసిన క్షణం నుంచి మళ్ళీ ఊరుతుంది. మొదటి వడియం గట్టిగా, నూరోది జారుగా వచ్చేది ఇందుకే. పిండీ ముక్కలూ మూడు వాయిలు చేసుకుని, ఒకటి పెట్టడం అయ్యాకే రెండోది కలపండి.

మంచు పూర్తిగా విడిచాక, ఎనిమిదిన్నర తొమ్మిదింటికి, డాబా మీద తాటాకు చాప వేసి, దానిపైన తడిపి గట్టిగా పిండిన నేత పంచె పరిచి, చిన్న నిమ్మకాయంత వడియాలు పెట్టండి. ప్లాస్టిక్ పట్టా మీద పెడితే తీయడం సుఖమే, కాదనను. కానీ అడుగున చెమ్మ పోయే దారి లేక వడియం పీఠం తడిగానే ఉంటుంది. పంచె కిందనుంచి కూడా ఆరనిస్తుంది.

నాలుగున్నరకల్లా చాపతో సహా ఎత్తి ఇంట్లో ఫ్యాను కింద పెట్టేయాలి. ఐదున్నర దాకా ఉంచితే పగలంతా ఎండినదానికి మళ్ళీ మంచు పడుతుంది. రెండో రోజు మధ్యాహ్నం పంచె తిరగేసి, వెనక నీళ్ళు చిలకరించి, రెండు నిమిషాలాగి ఒలవండి. వడియాలు వాటంతటవే ఊడొస్తాయి. బలవంతంగా లాగితే పీఠం పంచెకే ఉండిపోతుంది. తర్వాత చేటల్లో తలకిందులుగా పేర్చి మరో మూడు నాలుగు రోజులు.

మధ్యలో మబ్బు పట్టిందా? ఒక్క రోజయితే ఫ్యాను గట్టెక్కిస్తుంది. రెండో రోజూ మబ్బే అయితే ఆశ పెట్టుకోకుండా, వాసన మారకముందే నూనెలో వేయించుకు తినేయండి. బూజు కనిపించినవి మాత్రం తుడిచి ఎండబెట్టే పని పెట్టుకోవద్దు, పారేయండి.

ఎండాయో లేదో తెలియాలంటే అన్నిటికన్నా పెద్ద వడియం తీసి విరవండి. నడిమధ్య దాకా పొడిగా, తెల్లగా సుద్దలా ఉండాలి. వేలికి ఏమాత్రం మెత్తగా తగిలినా ఇంకో రోజు ఎండ. చేటలో ఊపితే గులకరాళ్ళలా గలగలమనాలి. ఎండలోంచి తెచ్చి నేరుగా డబ్బాలో పోయకండి, ఆ వేడికి మూత లోపల చెమ్మ పడుతుంది. గంట నీడలో ఉంచి, పొడి డబ్బాలో పోసి, మాఘంలో ఒకసారి, వానలు మొదలయ్యేముందు ఒకసారి పూట ఎండ చూపించండి.